నాలుగు గట్లు కొలిస్తే చాలదు బుజ్జీ

బుజ్జీ,

వాగు పక్క పొలం నువ్వే కొలుస్తానన్నావట, మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మన ఇంట్లో టేపు పట్టే మనిషి ఇంకొకరు తయారైనందుకు సంతోషం. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ఎండెక్కకముందే మొదలుపెట్టు. గుడ్డ టేపు సాగుతుంది, స్టీలుది తీసుకెళ్లు. మూలల్లో కర్రలు పాతు.

గట్లు నాలుగూ కొలిచేసి ఇంటికి మాత్రం వచ్చేయకు. నేను ఆ పనే చేశాను. పెళ్లైన కొత్త. పాలమ్మి కూడబెట్టిన డబ్బుతో ఒకావిడ పొలం చెక్క కొంటూ నన్ను కొలవమంది. గట్లు వరసగా 130, 200, 170, 100 అడుగులు. ఎదురెదురు గట్ల సగటు తీస్తే 150, 150. గుణిస్తే 22,500 చదరపు అడుగులు, అంటే యాభై ఒకటిన్నర సెంట్ల పైనే. లెక్క అంత గుండ్రంగా వచ్చేసరికి మురిసిపోయాను. ఆవిడ డబ్బు కట్టేసింది.

తర్వాత సర్వేయర్ వచ్చి మూల నుంచి మూలకు గొలుసు లాగాడు. కర్ణం 210. మిగతా రెండు మూలల నుంచి దాని మీదికి లంబాలు 120, 80. కర్ణాన్ని ఒక్కో లంబంతో గుణించి సగం చేసి, రెండు త్రిభుజాలూ కలిపితే 21,000, నలభై ఎనిమిది సెంట్ల చిల్లర. "పోయిన మూడున్నర సెంట్లు ఏ పక్కన ఉన్నాయి బాబూ?" అనడిగింది ఆవిడ. నా లెక్కే తప్పని చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ ఆవిడ, గట్టు జరిపాడని పక్క రైతును తిడుతూనే ఉంది. అమ్మినాయన పైసా తిరిగివ్వలేదు. సగం నేనే ఇచ్చుకున్నాను, మీ నాయనమ్మకు తెలియకుండా.

వదులైన నులక మంచం చూశావుగా. పట్టెలు అవే, ఒక పక్కకు నెడితే వాలిపోయి లోపలి జాగా తగ్గుతుంది. సగటు లెక్క దీర్ఘచతురస్రానికే సరి, వాలిన పొలానికి ఎక్కువ చూపిస్తుంది. అందుకే కర్ణం కావాలి. రెండో కర్ణంతోనూ లెక్క వేసి చూడు, రెండూ దాదాపు కలవాలి. ఊరి భూమి లెక్కలు రాసే కరణాల ఉద్యోగాలు 1984లో పోయాయి గానీ కర్ణం పోలేదని నేనంటే మీ నాన్న నవ్వడు.

వాగు వైపు వంకర కదా, అక్కడ తిన్నగా తాడు కట్టి పది అడుగులకోసారి ఒడ్డు దాకా లంబం కొలువు. పక్కపక్క లంబాల సగటును పదితో గుణిస్తే ఒక ముక్క. ఒడ్డు గబుక్కున మలుపు తిరిగే చోట మధ్యలో ఇంకోటి తీసుకో, అక్కడ ముక్క వెడల్పు పది కాదని గుర్తుంచుకో. లంబం కంటి అంచనాతో వేయకు, 3, 4, 5 అడుగుల ముక్కలుగా ముడులేసిన తాడును త్రిభుజంలా లాగి, 3, 4 కలిసే మూలతో సరిచూసుకో. ఈ ముక్కలన్నీ త్రిభుజాలకు కలిపి, ఆ మొత్తాన్ని 435.6తో భాగిస్తే సెంట్లు.

ఆ రేగు పొదల వెనక పాత దిగుడుబావి ఉంది. టేపు లాగుతూ వెనక్కి నడిచావంటే ఊరుకోను. టేపు రెండో కొస మీ బాబాయికివ్వు. కర్ణం కొలిచేటప్పుడు మాత్రం నేనొస్తాను, ఆ కొస నేనే పట్టుకుంటాను. నా మోకాళ్ల సంగతి మీ అమ్మ దగ్గర ఎత్తకు.

తాతయ్య