కొబ్బరికాయ నిక్కిన చోట బోరు వేస్తే నీళ్లు పడతాయా?

కాయ నిక్కడం నిజమే, కానీ దానికి కారణం భూమిలోని నీళ్లు కాదు. అరచేతిలో పడుకోబెట్టిన కొబ్బరికాయ, మనకు తెలియకుండానే వేళ్లు కాస్త కదిలినా లేస్తుంది. బిగించి పట్టుకున్న వేప పంగలపుల్ల కూడా అంతే. ఇలా నీళ్లు చూసి చెప్పేవాళ్లందరూ మోసగాళ్లని అనను, చాలామంది మనస్ఫూర్తిగా నమ్ముతారు.

1987-88లో జర్మనీలోని మ్యూనిక్ దగ్గర దీన్ని పరీక్షించారు. కొట్టం కింది అంతస్తులో నీటి పైపును బండి మీద అటూ ఇటూ జరిపేవారు. అదెక్కడుందో పైఅంతస్తులో ఉన్న నీళ్లు చూసేవాళ్లు చెప్పాలి. కొందరికి ఆ శక్తి ఉందని పరీక్ష పెట్టినవాళ్లు అన్నారు. అవే లెక్కలను ఎన్‌రైట్ అనే శాస్త్రవేత్త మళ్లీ చూస్తే, ఊహించి చెప్పినదానికంటే మెరుగ్గా ఏమీ లేదు.

మరి మన ఊళ్లలో నీళ్లెలా పడుతున్నాయి? తెలంగాణ, రాయలసీమల్లో చాలాచోట్ల కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లు పైనున్న శిథిలమైన పొరలో, లోపలి పగుళ్లలో ఉంటాయి. వాగు పక్కనో చెరువు కిందో అయితే ఎవరు చూపినా పడే అవకాశం ఎక్కువ. పడిన బోరు గురించి ఊరంతా చెప్పుకుంటారు, ఫెయిలైన బోరు అప్పు మాత్రం రైతు ఒక్కడే మోస్తాడు.

బోరుకి ముందు జియాలజిస్టుతో రెసిస్టివిటీ సర్వే చేయించండి. కడ్డీలు పాతి, కరెంటు పంపి పొరల నిరోధం కొలుస్తారు. గ్యారంటీ కాదు గానీ గట్టి రాయి ఎంత లోతులో మొదలవుతుందో ఒక అంచనా వస్తుంది.