మంచినీళ్ల చెరువు గట్టున గుడారం వేసే ముందు

చిన్నా,

అక్టోబరులో మీ అమ్మానాన్నల్ని, అంటే మా అన్నయ్యనీ వదిననీ తీసుకుని టెక్సస్‌లోని లేక్ ఆరోహెడ్ చెరువుకి వెళ్తున్నామని నువ్వు పెట్టిన మెసేజ్ చూసి చాలా సంతోషమేసింది. అన్నయ్య గేలం పట్టుకుని ఎన్నాళ్లయిందో! ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఒకటి మనసులో పెట్టుకో. ఆ చెరువు విచిటా ఫాల్స్ ఊరివాళ్లది. లిటిల్ విచిటా నదికి అడ్డంగా ఆనకట్ట వేసి, తాగునీళ్ల కోసం 1966 నాటికి కట్టుకున్నారు. ఒడ్డున ఉన్న స్టేట్ పార్కు, గుడారాలు, గేలాలు అన్నీ తర్వాత వచ్చినవే. అంటే మన ఊళ్లో మంచినీళ్ల చెరువు ఎలాగో అది అలాగన్నమాట. ఆ గట్టు మీదికి ఎవరైనా గేదెని తోలుకొస్తే పెద్దవాళ్లు ఎంత గొడవ చేసేవాళ్లో మీ నాన్నని అడుగు, కథలు కథలుగా చెప్తాడు.

2011లో ఆ ఊళ్లో మొత్తం మీద వంద రోజులు ఎండ వంద డిగ్రీల ఫారెన్‌హీట్‌కి చేరింది. అక్కడి నుంచి నాలుగేళ్లు కరువు. నీళ్లు అడుగంటిపోయి, చివరికి 2014లో ఊరి మురుగునీటినే శుద్ధి చేసి మళ్లీ కుళాయిల్లోకి వదులుకున్నారు. 2015 మేలో వానలు దంచికొడితే గానీ చెరువు నిండలేదు. ఇవేవీ తెలియకుండా నేను మొదటిసారి వెళ్లినప్పుడు పులుసు గిన్నె సబ్బు పెట్టి ఒడ్డునే కడిగేశాను. పసుపుపచ్చ నూనె తెట్టు నీళ్ల మీద చాప పరిచినట్టు జరుగుతూ జరుగుతూ పక్కన గేలం వేసుకున్న ముసలాయన బెండు దాకా వెళ్లింది. ఆయన తిట్టలేదు. గేలం పైకి తీసుకుని, "మేం తాగేది ఇవే" అన్నాడంతే. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. కాబట్టి గిన్నెలు గుడారం వేసుకునే సైటు దగ్గరే బకెట్లో కడుగు, ఆ నీళ్లు పార్కువాళ్లు చూపించిన చోటే పొయ్యి, చేప పేగులు, పొలుసు, మిగిలిన ఎర ఏదీ నీళ్లలోకి విసరకు.

ఇక లైసెన్సు సంగతి. టెక్సస్‌లో పదిహేడేళ్లు నిండినవాళ్లకి గేలం వెయ్యాలంటే లైసెన్సు కావాలి. కానీ స్టేట్ పార్కు లోపల ఒడ్డు మీంచో, నీళ్లలోకి కట్టిన వంతెనలాంటి పియర్ మీంచో వేస్తే అక్కర్లేదు. విజిటర్ వీసా మీద వచ్చిన అన్నయ్యకి ఇంతకన్నా మంచి చోటు దొరకదు, అందుకే డాలస్‌లో వైట్ రాక్ లేక్ పక్కనే ఉన్నా నేను రెండు గంటలు డ్రైవ్ చేసి అక్కడికే వెళ్లమంటున్నాను. పార్కు గీత దాటి బయట వేస్తే మాత్రం ఆయనక్కూడా కావాలి. లైసెన్సు అక్కర్లేదంటే లెక్క అక్కర్లేదని కాదు. లార్జ్‌మౌత్ బాస్ అనే చేప పద్నాలుగు అంగుళాలకి తక్కువుంటే వదిలెయ్యాలి, క్రాపీ అనే చేప అయితే పది. టేపు ఒకటి జేబులో పెట్టుకో. ఎన్ని పట్టొచ్చో బయల్దేరే ముందు రోజు ఒకసారి చూసుకో, రూల్స్ మారుతుంటాయి.

అన్నయ్య అడిగేది మాత్రం క్యాట్‌ఫిష్ గురించే, రాసిపెట్టుకో. మన జెల్ల లాంటిదే, అంతకన్నా ఒళ్లు ఎక్కువ. దానికి ఎర్రలకన్నా కోడి కార్జం బాగా పనిచేస్తుంది, కాకపోతే మెత్తగా ఉండి గేలం విసరగానే ఊడి ఎక్కడో పడుతుంది. నేను చిన్న ముక్కని కొక్కేనికి గుచ్చి, కుట్టు దారంతో నాలుగు చుట్లు చుట్టేస్తాను. సీసం గుండు అడుగుకి దిగాక దారం కొంచెం బిగించి ఊరుకోవాలి. పొద్దు వాలాక గంటసేపు మంచి టైం. పడ్డాక తొందరపడి పట్టుకోకండి. వీపు మీదొకటి, రెండు పక్కలా చెరొకటి ముళ్లుంటాయి, జెల్ల ముల్లు దిగితే ఎలా సలుపుతుందో ఆయనకి తెలుసు గానీ నీకు తెలియదు. కడుపు కింద నుంచి అరచెయ్యి పెట్టి, పక్క ముళ్ల వెనక బొటనవేలు ఒకవైపు, మిగతా వేళ్లు ఇంకోవైపు వచ్చేలా పట్టుకో. తినేంత ఉంచుకోండి, మిగతావి బతికుండగానే వదిలెయ్యండి. పట్టి ఒడ్డున పారేసి పోవడం నేరం కూడా.

క్రాపీ కావాలంటే చెక్కలూ మోళ్లూ ఉన్న దగ్గర వెతకాలి. ఆ చెరువులో పాత చమురు బావుల ఇనుప గోపురాలు నీళ్లలో నిలబడి ఉంటాయి, వాటి చుట్టూ చేరతాయి. పడవ లేకుండా అంతదూరం పోలేం, పోనివ్వు.

సైటు కరెంటూ కుళాయీ ఉన్నది తీసుకో, వదిన కోసం. ఐదు నెలల ముందే బుకింగ్ తెరుస్తారు, శని ఆదివారాలు తొందరగా అయిపోతాయి, కాబట్టి ఇది చదవగానే ఆ పని చెయ్యి. అక్కడంతా చెట్టూ చేమా తక్కువున్న మైదానం, గాలి మామూలుగా ఉండదు. గుడారంతో వచ్చే సన్న మేకులు నమ్ముకోకు, బారు మేకులు కొని సుత్తితో దిగ్గొట్టు. రాత్రి బాత్రూంకి వెళ్లేటప్పుడు టార్చీ, బూట్లు తప్పనిసరి, ర్యాటిల్ పాములు తిరిగే నేల అది. చెప్పులతో వెళ్తానని అన్నయ్య మొండికేస్తాడు, ఒప్పుకోకు. మంట వేసే ముందు బర్న్ బ్యాన్, అంటే మంటలు వెయ్యకూడదన్న నిషేధం ఉందేమో అడుగు, కట్టెలు అక్కడ ఏరకూడదు, కొనుక్కెళ్లాలి. మందు సీసాలు బయట పెట్టుకుని కూర్చోనివ్వరు. పదింటి తర్వాత పాటలు ఆపెయ్యండి.

పిల్లలు నీళ్లలో దిగుతామంటారు. లైఫ్‌గార్డులెవరూ ఉండరు. లైఫ్ జాకెట్లు వేసి, ఒక పెద్ద మనిషి ఫోన్ పక్కన పెట్టి చూస్తుంటేనే దింపు. ఈ విషయంలో నన్ను చాదస్తపు ముసలాడనుకున్నా ఫరవాలేదు. పార్కులో ప్రెయిరీ డాగులనే ఉడత జాతి జంతువుల బొరియలున్న చోటుంది, పొద్దున్నే అక్కడికి తీసుకెళ్తే రెండు కాళ్ల మీద లేచి నిలబడి చూస్తాయి. వాటికి తిండి మాత్రం వెయ్యనివ్వకు.

చింతపండు గుజ్జు, వేయించిన మసాలా ఇంట్లోనే చేసి సీసాలో పోసుకెళ్లండి, పిన్ని చేసిస్తానంటోంది. ముందు రోజు వచ్చి అదీ, నా పెద్ద గేలపు కర్రా పట్టుకెళ్లు. రీలు కొంచెం బిగువు, అన్నయ్య చేతికి అదే సరిపోతుంది.

మీ బాబాయి