చనిపోయిన ఏడాదికి అరవై ఒకటి కలపండి

పాఠకుల ప్రశ్నలు: హక్కులు తీరిన పాత పుస్తకాలు, ఇ-బుక్ అమ్మకం

సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను ఇ-బుక్‌గా చేసి అమ్ముదామనుకుంటున్నాను. ఎవరి అనుమతి తీసుకోవాలి? రేపు ఎవరైనా కేసు వేస్తారా?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, నల్లగొండ

మూలగ్రంథానికి మన దేశంలో ఎవరి అనుమతీ అక్కర్లేదు. 1957 కాపీరైట్ చట్టం 22వ సెక్షన్ ప్రకారం రచయిత చనిపోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి అరవై ఏళ్ళు లెక్కపెట్టాలి. చేతి లెక్కకు సులువైన దారి ఒకటుంది. చనిపోయిన ఏడాదికి 61 కలిపితే వచ్చే ఏడాది జనవరి 1న పుస్తకం అందరిదీ అవుతుంది. ప్రతాపరెడ్డి గారు 1953లో పోయారు కనుక 2014 నుంచి ఆయన రచనలు స్వేచ్ఛగా ఉన్నాయి. మాడపాటి హనుమంతరావు గారు 1970లో పోయారు, కాబట్టి 2031 దాకా ఆగాలి. అలంపురం గడియారం రామకృష్ణశర్మ గారిది 2006, అంటే 2067. పుస్తకం ఎంత పాతదన్నది ఈ లెక్కలోకి రాదు. 1930లలో అచ్చయిన పుస్తకానికి హక్కులు బతికే ఉండవచ్చు, 1955లో అచ్చయినదానికి తీరిపోయి ఉండవచ్చు.

ఇక మీ చేతిలో ఉన్న పుస్తకప్రతి సంగతి. అది ఈమధ్యటి పునర్ముద్రణ అయితే ముందుమాట, సంపాదకుని పాదసూచికలు, చివరి పదసూచి, అట్ట మీది బొమ్మ ఎవరు చేస్తే వారివే. వాటిని వదిలేసి, ప్రతాపరెడ్డి గారు రాసిన పాఠం మాత్రమే తీసుకోండి. వీలైతే ఆయన బతికుండగా వచ్చిన ముద్రణనే దగ్గర పెట్టుకోండి. ఏది ఎవరిదన్న తగువు సగం అక్కడే తెగుతుంది.

హక్కు తీరినంత మాత్రాన రచయిత పేరు తీసెయ్యడానికి గానీ, వాక్యాలు మార్చి ఆయన నోట మరో మాట పెట్టడానికి గానీ వీల్లేదు. 57వ సెక్షన్ కింద వారసులు అడగగలరు. 2012 సవరణ తర్వాత ఆ హక్కుకు కాలపరిమితి మాట కూడా చట్టంలో లేదు. కుదించి వేస్తే ‘సంక్షిప్తం’ అని పేరులోనే చెప్పండి.

చాలామంది తప్పిపోయేది ఇంకొకచోట. అమెరికాలో పాత పుస్తకాల లెక్క రచయిత మరణం నుంచి కాదు, ప్రచురణ నుంచి 95 ఏళ్ళు. 1996 జనవరి 1 నాటికి ఇక్కడ హక్కు బతికున్న మన పుస్తకాలకు అక్కడ కూడా ఆ రక్షణ దొరికింది. ‘సాంఘిక చరిత్ర’ 1949లో వచ్చింది, అంటే అమెరికాలో 2045 దాకా స్వేచ్ఛ లేదు. ఇ-బుక్కులు అమ్మే ఆన్‌లైన్ అంగట్లో పుస్తకం ఎక్కించేటప్పుడు ఏ దేశాల్లో అమ్మాలని అడుగుతుంది. ‘ప్రపంచమంతా’ అన్న గుర్తు తీసేసి భారత్ ఒక్కటే పెట్టండి.

‘గోలకొండ కవుల సంచిక’కూ అదే లెక్కేనా? సంపాదకులు ప్రతాపరెడ్డి గారే కదా.
– తెలుగు అధ్యాపకురాలు, వనపర్తి

కాదు. ఇదే అసలైన చిక్కుముడి. 1934లో వచ్చిన ఆ సంచికలో 354 మంది కవులున్నారు. కూర్పు, సంపాదకుడు సొంతంగా రాసిన భాగాలు 2014లో స్వేచ్ఛ అయ్యాయి. పద్యాలు మాత్రం ఎవరివి వారివే. 1934 నాటికి పాతికేళ్ళ వయసున్న కవి 1980ల దాకా బతికి ఉండవచ్చు. 1985లో పోయిన కవి పద్యం 2046 దాకా ఆయన కుటుంబానిదే.

పని ఇలా మొదలుపెట్టండి. ఒక స్ప్రెడ్‌షీట్‌లో కవి పేరు, సంచికలో చెప్పిన ఊరు, పుట సంఖ్య, మరణ సంవత్సరం, ఆ సంవత్సరం ఎక్కడ దొరికిందన్న ఆధారం, ఇలా ఐదు నిలువు వరుసలు పెట్టండి. సంచిక నాటికే కాలం చేసినవారు, మరణ సంవత్సరం ముందే తేలినవారు మొదట నిండుతారు. మిగిలినవారికి కుటుంబం వేసిన పద్యసంపుటుల ముందుమాటలు, స్మారక సంచికలు, సంస్థానాల చరిత్రలు, ఊళ్ళో వారసులు దిక్కు. గద్వాల, వనపర్తి, కొల్లాపురం సంస్థానాల చుట్టూ ఉన్న కవుల వివరాలు మీకు దగ్గర్లోనే దొరుకుతాయి. ఆధారం గడి ఖాళీగా ఉంటే ఆ కవిని పక్కన పెట్టాల్సిందే, ‘పోయి ఉంటారులే’ అన్నది లెక్కలోకి రాదు.

మొత్తం సంచిక కోసం పట్టుబట్టకుండా, సంవత్సరాలు తేలిన కవులతో ‘ఎంపిక’ అని వేసుకోవడం నయం. మిగిలినవారిని వారసుల ఉత్తరాలు వచ్చినకొద్దీ తర్వాతి కూర్పులో చేర్చవచ్చు. ఇ-బుక్‌కు ఉన్న సౌకర్యమే అది. హక్కుదారు ఎంతకీ దొరకని రచనలకు 31ఎ సెక్షన్ కింద లైసెన్సు దారి ఉంది కానీ, ముందు దేశమంతా తిరిగే ఇంగ్లిష్ దినపత్రికలో ప్రకటన ఇవ్వాలి. నాలుగు పద్యాల కోసం అంత ఖర్చు దండగ.

వట్టికోట ఆళ్వారుస్వామి గారి నవలలు రెండూ పెట్టవచ్చా?
– సూర్యాపేట

ఆయన పోయింది 1961లో. ‘ప్రజల మనిషి’ 2022 నుంచి స్వేచ్ఛ. ‘గంగు’ ఆయన పోయాక అచ్చయింది, అలాంటివాటికి 24వ సెక్షన్ వర్తిస్తుంది. మరణం నుంచి కాకుండా మొదటి ప్రచురణ ఏడాది నుంచి అరవై లెక్కపెట్టాలి. మొదటి ముద్రణ లోపలి పుట చూసి ఆ ఏడాదికి 61 కలపండి. తర్వాతి ముద్రణల తేదీలతో పనిలేదు. ఆయన నడిపిన దేశోద్ధారక గ్రంథమాల పుస్తకాలన్నీ ఆయనవే అనుకోవద్దు, అందులో వేరే రచయితలవి ఉన్నాయి.

పేరు లేకుండా పాత పత్రికల్లో వచ్చిన వ్యాసాలు?
– మిర్యాలగూడ

ప్రచురణ ఏడాదికి 61. నల్లగొండ ‘నీలగిరి’ పత్రిక 1922లో మొదలైంది, ఆ ఏడాది సంచికల్లో సంతకం లేని రాతలు ఎప్పుడో స్వేచ్ఛ అయ్యాయి. మారుపేరుతో రాసినవాటికీ ఇదే లెక్క. ఆ గడువు తీరకముందే రచయిత ఎవరో బయటపడితే మాత్రం మళ్ళీ మరణ సంవత్సరం లెక్కలోకి వెళ్తుంది.

ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉచితంగా దొరుకుతున్నదంటే హక్కులు తీరినట్టే కదా సార్?
– నాగర్‌కర్నూల్

కాదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు అక్కడికి కుప్పలుగా చేరాయి, వాటిలో హక్కులు తీరనివి చాలానే ఉన్నాయి. అక్కడి స్కాన్‌ను చదువుకోవడానికి, పాఠం పోల్చుకోవడానికి వాడండి. సంవత్సరాల లెక్క మీరే వేసుకోవాలి.

మాది డీటీపీ సెంటర్. పాత పుస్తకాన్ని స్కాన్ చేసి అక్షరాల్లోకి మారిస్తే తప్పులు కుప్పలుగా వస్తున్నాయి. కొన్ని పుస్తకాలు అను ఫాంట్లలో మా దగ్గరే ఉన్నాయి. ఏ దారి మంచిది?
– మహబూబ్‌నగర్

ముందు స్కాన్. 300 డీపీఐ, గ్రే రంగులో తీయండి. నలుపు-తెలుపులో తీస్తే పాత సీసపు అచ్చులో సన్నగా పడిన తలకట్టు, పొట్టలో చుక్క ఎగిరిపోతాయి, ‘థ’ కాస్తా ‘ధ’ అవుతుంది. వంకర పుటలను స్కాన్‌టైలర్ అనే సాఫ్ట్‌వేర్‌తో సరిచేసి, కుట్టు దగ్గరి నీడ కత్తిరించండి. తర్వాత గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు పాఠం వస్తుంది. ఫైలు 2 ఎంబీ దాటకుండా ముక్కలు చేసి ఎక్కించండి, పెద్దవి పెడితే చివరి పుటలు రాకుండా పోతాయి.

వచ్చే తప్పులకు ఒక వరస ఉంటుంది. ప, వ, ష ఒకదానికొకటి మారతాయి. ‘మ’ ‘వు’ అవుతుంది. అరసున్నలు రాలిపోతాయి. ‘ఱ’ ఉన్నచోట ఇంకేదో అక్షరం కూర్చుంటుంది. అన్నిటికన్నా మోసకారి నిండుసున్న. ‘ం’ బదులు తెలుగు అంకె ‘౦’ పడితే కంటికి తేడా కనబడదు, పాఠకుడు వెతికితే మాత్రం మాట దొరకదు. అక్షరం పక్కన ఉన్న ‘౦’లన్నిటినీ ఒకేసారి మార్చేయవచ్చు.

ఇంకా పాత అచ్చులో వలపలగిలక ఉంటుంది, అంటే ‘ర్’కు బదులు తర్వాతి హల్లు పక్కన వేసే ‘౯’ లాంటి గుర్తు. ‘ధర్మము’ను ‘ధమ౯ము’ అని, ‘సూర్యుడు’ను ‘సూయు౯డు’ అని వేసేవారు. యంత్రం దాన్ని తొమ్మిది అంకెగా చదువుతుంది. మార్చేటప్పుడు ‘౯’ ముందున్న హల్లును, దాని గుణింతపు గుర్తుతో సహా పట్టుకుని, దానికి ముందు ‘ర్’ చేర్చాలి. హల్లును మాత్రమే పట్టుకునే సూత్రం రాస్తే ‘ధర్మము’ బాగవుతుంది, ‘సూర్యుడు’ చెడుతుంది. పద్యం సంఖ్యలుగా ఉన్న నిజమైన తొమ్మిదులను ముందే వేరే గుర్తుతో దాచిపెట్టి ఆ తర్వాత మార్పిడి నడపండి.

పద్యాలకైతే ఛందస్సే మంచి ప్రూఫ్‌రీడరు. ఉత్పలమాల, మత్తేభం పాదానికి 20 అక్షరాలు, చంపకమాల 21, శార్దూలం 19. లెక్క తప్పిన పాదంలో తప్పు ఉన్నట్టే. వృత్తాల్లో, కందంలో నాలుగు పాదాల రెండో అక్షరం కలవకపోతే అక్కడ ఆగి స్కాన్ చూడండి. సీసం, తేటగీతి, ఆటవెలదులకు ప్రాస నియమం లేదు, అక్కడ యతి పట్టుకోవాలి. వచనానికి ఇలాంటి సాయం ఉండదు. ఒకరు అచ్చుప్రతి పైకి చదువుతుంటే ఇంకొకరు తెరమీద వెంట నడవాలి, రెండోసారి ఇద్దరూ స్థానాలు మార్చుకోవాలి. టైపు చేసినవారే ప్రూఫు చూస్తే తమ తప్పు తమకు కనబడదు.

అను అనే పాత డీటీపీ ఫాంట్ల ఫైళ్ళు ఉంటే, ఏ ఫోన్‌లోనైనా తెరుచుకునే యూనికోడ్‌లోకి మార్చడం స్కాన్ కన్నా త్వరగా తెములుతుంది. కాకపోతే మీ దగ్గరున్నది ఆఖరి దిద్దుబాట్లు ఎక్కిన ఫైలేనా అన్నది అచ్చుప్రతితో పోల్చి చూడండి. మార్పిడిలో వత్తులు, ముఖ్యంగా రెండు వత్తులు కలిసినచోట్లు చెదురుతాయి. ‘బ్యాంక్‌లో’ వంటి మాటల్లో పొల్లు తర్వాత ఉండే కనబడని విడదీత గుర్తు పోయి ‘బ్యాంక్లో’ అవుతుంది. అను ఫాంటుతోనే ఈపబ్ (ఇ-బుక్ ఫైలు) కట్టడం మాత్రం వద్దు. ఫోన్‌లో ఫాంటు మారిన క్షణం పుట నిండా పిచ్చి అక్షరాలే.

ఈపబ్‌ను సిజిల్ అనే సాఫ్ట్‌వేర్‌లో కట్టండి. భాష గడిలో ‘టీఈ’ అన్న కోడ్ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ఉండాలి. ఉచిత లైసెన్సున్న ఫాంటును లోపల పొదగండి. మండలి, రామభద్ర ఉన్నాయి, ప్రతాపరెడ్డి గారి పేరుతోనే ‘సురవరం’ ఫాంటూ ఉంది. సీసపాదం ఫోన్ వెడల్పుకు పట్టదు, విరిగిన ముక్క కొత్త పాదంలా కనిపిస్తుంది. ఎడమ అంచుకు 1.5 ఈఎం (అక్షరం సైజును బట్టి మారే కొలత) జాగా ఇచ్చి, మొదటి వరుసను అంతే వెనక్కి లాగితే విరిగిన భాగం లోపలికి జరిగి కూర్చుంటుంది. చివర ఫైల్లో తప్పులు పట్టే ఈపబ్‌చెక్ నడిపి, చిన్న తెర ఉన్న చవక ఫోన్‌లో ఒకసారి మొత్తం తిరగేయండి. స్కాన్ బొమ్మలనే పీడీఎఫ్‌గా కట్టి అమ్మడం మాత్రం కొనేవారిని మోసం చేయడమే.

కిండిల్‌లో హక్కులు తీరిన పుస్తకం పెడితే తిరగ్గొట్టారు. మేం విషయసూచికకు లింకులిచ్చి, చక్కగా పేర్చాం కూడా. ఏం లోపం?
– దేవరకొండ

మొదట భాష చూడండి. 2016లో కిండిల్ మన భాషల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం మాత్రమే తీసుకుంది, తెలుగు లేదు. పని మొదలుపెట్టే రోజున కేడీపీ (కిండిల్‌లో పుస్తకాలు ఎక్కించే అమెజాన్ వేదిక) సహాయ పుటలో భాషల జాబితా తెరిచి చూసుకోండి. లేకుంటే తెలుగు తీసుకునే మరో అంగడికి వెళ్ళండి. వేరే భాష గుర్తు పెట్టి తెలుగు ఎక్కిస్తే ఖాతాకే ముప్పు.

మీది ఇంగ్లిష్ పుస్తకమైతే కారణం ఇంకొకటి. ఉచిత ప్రతి ఆ అంగట్లో ముందే ఉంటే మీది వేరుగా ఉండాలి. వేరు అంటే మీ సొంత అనువాదం, లేదా మీరే రాసిన వ్యాఖ్య, లేదా పదికి తగ్గని సొంత బొమ్మలు. ఆ సంగతి పుస్తకం పేరులోనే తెలపాలి. లింకుల విషయసూచిక, పేర్పు, నాలుగు పుస్తకాలు కలిపి కట్టడం, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికేది తెచ్చి చేర్చడం, ఇవేవీ చాలవని వాళ్ళ నియమాల్లోనే ఉంది. హక్కుల ప్రశ్న దగ్గర ‘ఇది పబ్లిక్ డొమైన్ (హక్కులు తీరిన) రచన’ అన్నదే ఎంచుకోవాలి. రచయిత మరణ సంవత్సరం ఆధారం దగ్గర పెట్టుకోండి, అడుగుతారు. ఇలాంటి పుస్తకాలకు రాయల్టీ 35 శాతమే. రూ.49కి అమ్మితే పన్నులకు ముందు మీకు వచ్చేది రూ.17.15. ఆ లెక్క చూసుకున్నాకే బొమ్మలు గీసేవారికి అడ్వాన్సు ఇవ్వండి.

మా తాత 1991లో పోయిండు. ఆయన పద్యాలను ఒకరు ఇ-బుక్‌గా వేస్తమంటున్నరు. మేం ఉచితంగనే ఇస్తం. కాగితం రాయాల్నా?
– కల్వకుర్తి

రాయాలి. 2052 దాకా హక్కు మీ కుటుంబానిది. వారసులంతా సంతకం చేయాలి, ఒక్క కొడుకు చేస్తే చాలదు. ఏ పుస్తకం, ఏ రూపం, ఎన్నేళ్ళు, ఏ దేశాలు అన్నవి విడివిడిగా రాయండి. గడువు రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్ళుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశంగా లెక్కిస్తుంది. హక్కు బదిలీ అన్న మాట వద్దు, ‘ప్రత్యేకం కాని అనుమతి’ అని రాస్తే రేపు ఇంకొకరికీ ఇవ్వగలరు.

సురభి మాధవరాయల ‘చంద్రికాపరిణయం’ టైపు చేసి పెట్టాం. ఇంకెవరో మా ఫైలునే ఎత్తుకుని అమ్ముతున్నారు. ఆపగలమా?
– కొల్లాపూర్

పద్యాల వరకు ఆపలేరు. ఉన్నది ఉన్నట్టు టైపు చేసిన శ్రమకు కొత్త హక్కు పుట్టదు. ఈస్టర్న్ బుక్ కంపెనీ, మోదక్ కేసులో సుప్రీంకోర్టు 2007 డిసెంబరులో చెప్పింది ఈ దారిలోనే. సొంత తెలివి కొంతైనా చేరినచోటే హక్కు. కాబట్టి మీ తాత్పర్యం, పాఠాంతరాల ఎంపికకు మీరు రాసిన కారణాలు, సంస్థానం చరిత్ర మీద మీ పీఠిక, అట్ట ఆ ఫైల్లో ఉన్నాయేమో చూడండి. ఉంటే వాటి పుటలు గుర్తించి, మీ మొదటి ఫైలు తేదీతో అంగడివారికి ఫిర్యాదు పంపండి. వట్టి పద్యాలే తీసుకుని ఉంటే ఫిర్యాదు నిలవదు. అలాగే మీ తాత్పర్యం ఆధునిక వ్యాఖ్యాత పుస్తకంలోంచి తెచ్చి పెట్టిందైతే ఫిర్యాదు చేసేముందు దాన్ని తీసేయండి, ఆ వ్యాఖ్యాత మరణ సంవత్సరానికీ 61 కలపాల్సిందే.