బుజ్జీ, మొదటి రోజే టాప్స్‌లో నిలబడకు

ఏమే బుజ్జీ,

మొన్న ఫోన్లో అడిగావు కదా, ఐర్లాండ్ గాల్వేలో మీ ఇంటి పక్క హాల్లో ప్రతి మంగళవారం ఐరిష్ సెట్ డాన్సింగ్ క్లాసు ఉందంట పెద్దమ్మా, అందరూ అరవై దాటినవాళ్ళే, నాకా ఒక్క స్టెప్పు రాదు, పోనా వద్దా అని. అప్పుడు డ్యూటీలో ఉండి హడావిడిగా ఫోన్ పెట్టేశా. ఇప్పుడు తీరిగ్గా టీ కలుపుకుని కూర్చున్నా, కాస్త పెద్ద లెటరే, విసుక్కోకుండా చదువు.

పో. ఈ మంగళవారమే పో. 

ముందు ఒక భయం తీసేస్తా. నువ్వు యూట్యూబ్‌లో చూసింది, చేతులు పక్కకి బిగబట్టి కాళ్ళు మాత్రం టకటకలాడించేది, అది స్టెప్ డాన్స్, 1994 యూరోవిజన్ ఇంటర్వెల్‌లో రివర్‌డాన్స్ వేసినప్పట్నుంచి లోకమంతా అదే ఐరిష్ డాన్స్ అనుకుంటోంది. ఇది వేరు. నాలుగు జంటలు చదరంగా నిలబడి, నాలుగో అయిదో ఆరో ఫిగర్లు, అంటే డాన్సులో భాగాలు, ఒక్కో ఫిగర్ అయ్యాక కాస్త ఊపిరి పీల్చుకుని మళ్ళీ మొదలు. మన శ్రీరామనవమి కోలాటం గుర్తుందా, కర్రలు లేని కోలాటం అనుకో. అక్కడ నీకు తాళం తప్పితే పక్కమ్మాయి కర్ర తగిలి తెలిసేది, ఇక్కడ పక్కావిడ భుజం పట్టుకుని నీ చోటికి తోసేస్తుంది, అంతే తేడా.

ఇప్పుడు అసలు విషయం. బ్యాండుకి వీపు పెట్టి నిలబడే జంట ఫస్ట్ టాప్స్, వాళ్ళకి ఎదురుగా ఉండేది సెకండ్ టాప్స్, పక్కల ఉండే రెండు జంటలూ సైడ్స్. చాలా ఫిగర్లలో ముందు టాప్స్ వేస్తారు, తర్వాత అదే సైడ్స్ వేస్తారు. అంటే సైడ్స్‌లో నిలబడితే నీ వంతు వచ్చేలోపు కళ్ళముందే ఒకసారి మొత్తం చూసేస్తావు. ఎవరైనా మర్యాదకి రామ్మా టాప్స్‌లోకి అని పిలిచినా వెళ్ళకు, నేను కొత్త, సైడ్స్‌లో నిలబడతా అని నోరు తెరిచి చెప్పు, దాచుకున్నావా నీతోపాటు ఏడుగురూ తికమకపడతారు. నేను మొదటి రోజు సిగ్గుకి ఊరుకుని టాప్స్‌లోనే నిలబడ్డా, ఆ అయిదు నిమిషాలు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

అమ్మాయి ఎప్పుడూ జోడీకి కుడిపక్కన నిలబడాలి. మగవాళ్ళు ఎప్పుడూ తక్కువే వస్తారు కాబట్టి ఆడవాళ్ళూ ఆడవాళ్ళూ జంటకట్టడం మామూలే, ఒకరు మగవాళ్ళ స్టెప్పులు వేస్తారు, నువ్వు మాత్రం ఒక ఏడాది ఆడవాళ్ళ స్టెప్పులే నేర్చుకో, రెండూ ఒకేసారి పెట్టుకుంటే ఏదీ రాదు. అరౌండ్ ద హౌస్ అంటారు చూడు, అది జంటగా గిరగిరా తిరుగుతూ పాటలో ఎనిమిది బార్లలో, అంటే ఎనిమిది తాళం ఆవర్తాల్లో, సెట్ చుట్టూ వచ్చి నీ చోట్లో ఆగడం. జంట తిరిగేది గడియారం ముల్లులాగే, కానీ సెట్ చుట్టూ వెళ్ళేది మాత్రం దానికి ఎదురు. అక్కడే నాకు నెలరోజులు పట్టింది, పుట్టిందగ్గర్నుంచి గుళ్ళో ప్రదక్షిణలు చేసిన కాళ్ళు కదా, అవి వాటి దారిన అవి పోయేవి, ఎదురొచ్చే జంటకి గుద్దుకునేదాన్ని! స్వింగ్‌లో, అంటే జంట ఒకేచోట గిరగిరా తిరిగేటప్పుడు, కుడికాలు లోపల పెట్టి ఎడంకాలితో నేలని వెనక్కి నెట్టాలి, పిల్లలు స్కూటర్ తోసుకున్నట్టు, చూపు జోడీ మొహం మీదే ఉంచు, గోడల్ని చూశావో కళ్ళు తిరిగిపోతాయి. 

పరాయి మగవాళ్ళ చేయి పట్టుకోవడం అంటే నీకు బెరుకని నువ్వు నోరు తెరిచి చెప్పలేదు గానీ నాకు అర్థమైంది. నాకూ ఉండేది. ఇక్కడ ఒక సెట్ అవగానే థాంక్యూ చెప్పి ఎవరి కుర్చీకి వాళ్ళు, తర్వాతి సెట్‌కి వేరే జోడీ, రాత్రంతా ఒకరితోనే వెయ్యడం అలవాటు లేదు. ఎవరైనా అడిగితే కారణం లేకుండా కాదనకు, నువ్వూ వెళ్ళి అడగొచ్చు. ఎవరైనా మరీ దగ్గరగా లాగితే మాత్రం మొహమాటపడకు, టీచర్‌కి చెప్పు.

షూస్ సంగతి. రబ్బరు సోల్ వద్దే వద్దు. నేల పట్టేసుకుంటుంది, ఒళ్ళు తిరుగుతుంది కాలు తిరగదు, మోకాలు పోతుంది. నాది అలాగే పోయి మూడు వారాలు డ్యూటీలో కుంటాను. తోలు సోల్, తక్కువ మడమ, అంతే. చీర అయితే అసలు వద్దు, చుడీదార్ బావుంటుంది గానీ చున్నీ ఇంట్లో వదిలెయ్.

అక్కడి ముసలివాళ్ళని చూసి బోర్ అనుకోకు బుజ్జీ. ఈ డాన్సులు ఫ్రాన్స్‌లో జంటలు చదరంగా నిలబడి వేసే క్వాడ్రిల్ నుంచి సైనికులతో పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇక్కడికొచ్చాయంటారు, వీళ్ళు తమ రీళ్ళూ జిగ్గులూ అనే పాటల వరసలు పెట్టి తమవి చేసుకున్నారు. తర్వాత ఐరిష్ భాషనీ సంస్కృతినీ నిలబెట్టే సంఘం గేలిక్ లీగ్ వాళ్ళేమో ఇవి పరాయివి అని పక్కనపెట్టి కేలీల్లో, అంటే అందరూ చేరి డాన్సాడే సభల్లో, వేసే వాల్స్ ఆఫ్ లిమరిక్ లాంటి డాన్సుల్ని నెత్తినపెట్టుకున్నారు (తమాషా ఏంటంటే వాళ్ళు పెట్టిన మొదటి కేలీ 1897లో లండన్‌లో జరిగింది, ఐర్లాండ్‌లో కాదు). 1935లో డాన్స్ హాళ్ళకి లైసెన్సు ఉండాలని చట్టం వచ్చింది, దాన్ని చూపించి ఇళ్ళల్లో వంటగదుల్లో వేసుకునేవాళ్ళని కూడా పోలీసులూ ఫాదర్లూ బెదిరించేవాళ్ళంట. మా ఊరు ఎనిస్ క్లాసులో ఒక పెద్దాయన ఉన్నాడు, వాళ్ళమ్మ వంటింటి రాతి పలకల మీద వేసిన బ్యాటరింగ్ ఆయన కాళ్ళల్లో ఇంకా ఉంది, మా క్లేర్ కౌంటీ వాళ్ళు రీల్‌కి నేలని మోగిస్తారు చూడు, అది. కెర్రీ కౌంటీకి వెళ్తే పోల్కాలూ స్లైడ్‌లూ అనే వేరే వరసలు, మీ దగ్గరైతే కానెమారా సెట్. ఊరికో రకం. 1980ల్లో మళ్ళీ క్లాసులు పుంజుకున్నాయి కాబట్టి ఇవాళ నీకు ఆ హాలు ఉంది. పుస్తకం చూసి నేర్చుకోవద్దు, ఆ ముసలాళ్ళ పాదాలు చూడు.

మధ్యలో టీ ఉంటుంది, శాండ్‌విచ్‌లూ యాపిల్ టార్టూ. అప్పుడు ఫోన్ చూసుకుంటూ మూల కూర్చోకు, వెళ్ళి కప్పులు కడుగు. నాకు ఈ ఊళ్ళో మొదటి ఫ్రెండ్ దొరికింది ఆ సింక్ దగ్గరే. పెదనాన్నయితే టీ కోసమే వస్తారు, అకార్డియన్ ఆయన పక్కన కూర్చుని తాళం వేస్తారు, ఆయన్నీ అందరూ క్లబ్ మెంబర్ లాగే చూస్తారు.

ఒకటి రెండు నెలలు పోయాక కేలీకి వెళ్ళు, లైవ్ బ్యాండ్‌కి వేస్తే ఆ స్పీడు వేరు. చివర్లో జాతీయగీతం వాయిస్తారు, అందరూ ఎలా ఉంటే అలా నిలబడతారు, అప్పుడే కోటు వెతుక్కుంటూ తిరగకు. జులైలో మిల్‌టౌన్ మాల్‌బేలో విల్లీ క్లాన్సీ స్కూల్ ఉంటుంది, 1973 నుంచి జరుగుతోంది, వారమంతా సెట్ డాన్స్ క్లాసులు. సెలవు ఇప్పుడే అడిగి పెట్టుకో, ఇద్దరం వెళ్దాం.

ఆదివారం బస్సెక్కి రా. నా పాత తోలు షూస్ ఉన్నాయి, నీకు సరిపోతాయనే అనుకుంటున్నా, వంటింట్లో బల్ల పక్కకి జరిపి స్వింగ్ చూపిస్తా. వచ్చేటప్పుడు గోంగూర పచ్చడి సీసా ఖాళీది పట్రా, మర్చిపోకు.

మీ పెద్దమ్మ