వంటింట్లో ప్లాస్టిక్ అంతా పారేయాలా? ముందు వేడినీ నూనెనీ దానికి దూరం చేయండి

ఏడు నెలల పాప, బెంగళూరులో అద్దె ఇల్లు, వంటింటి నిండా ప్లాస్టిక్ డబ్బాలు. అన్నీ ఒకేసారి మార్చే స్తోమత ఇప్పుడు లేదు, వీటిలో నిజంగా భయపడాల్సింది దేనికి, ముందు ఏది తీసేయాలి అని ఒక అమ్మ రాసి అడిగారు. ఆవిడకి నా జవాబు ఇది. 2019లో మా అమ్మాయి పుట్టినప్పుడు ఇదే బెంగళూరులో, మారతహళ్లిలో నేనూ ఇదే టెన్షన్ పడ్డాను. రాత్రిళ్లు ఫోన్‌లో చదివి చదివి, ఒకరోజు తెల్లారేసరికి డబ్బాలన్నీ గోనెసంచిలో కట్టేశాను. మా అత్తయ్య ఆ సంచి విప్పి కందిపప్పు డబ్బా బయటికి తీసి, "పప్పు పొడిగా, చల్లగా ఉంది కదమ్మా, దీన్ని ఇదేం చేస్తుంది?" అన్నారు. ఆవిడ అన్నదాంట్లో చాలా విషయం ఉందని తర్వాత తెలిసింది.

డబ్బాలో ఉన్న రసాయనం తిండిలోకి రావాలంటే దాన్ని కదిలించేది ఒకటి కావాలి. వేడి కదిలిస్తుంది, నూనె లాగుతుంది, గరుకు పీచుతో తోమిన గీతలు దారిస్తాయి. పొడి పప్పులు, బియ్యం, రవ్వ ఉన్న డబ్బాల జోలికి ఇప్పుడు పోకండి. అవి ఆఖరి వరసలో ఉంటాయి.

పేర్లు రెండు గుర్తుంచుకుంటే చాలు. ఒకటి బిస్‌ఫినాల్ ఏ, అందరూ బీపీఏ అంటారు. గాజులా మెరిసే పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌లో, టిన్ను డబ్బాల లోపలి పూతలో ఉంటుంది. ఇది శరీరంలో ఈస్ట్రోజెన్ హార్మోన్‌లా ప్రవర్తిస్తుందని 1930లలోనే తెలుసు. రెండోది థాలేట్లు. పీవీసీ అనే ప్లాస్టిక్‌ని మెత్తగా, వంగేలా చేయడానికి కలుపుతారు. ఇవి ప్లాస్టిక్‌కి గట్టిగా అతుక్కుని ఉండవు, అందుకే నూనె తగిలితే తేలిగ్గా బయటికి వస్తాయి. టెస్టోస్టెరాన్ తయారీకి అడ్డుపడతాయి. పెద్దవాళ్ల కంటే కడుపులో బిడ్డకీ, పసిపిల్లలకీ వీటితో ఇబ్బంది ఎక్కువ. వాళ్ల అవయవాలు ఇంకా తయారవుతూ ఉంటాయి, బరువుతో పోల్చుకుంటే వాళ్లు తాగేది, తినేది మనకంటే ఎక్కువ.

కాబట్టి ముందు పాప పాలసీసా చూడండి. మన దేశంలో పాలసీసాల్లో బీపీఏ వాడకూడదని భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) 2015 ప్రమాణంలోనే ఉంది, ఇప్పుడు దొరికేవి ఎక్కువగా పాలిప్రొపిలీన్ అనే వేరే ప్లాస్టిక్‌వి. అయితే 2020లో డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ వాళ్లు ఆ పాలిప్రొపిలీన్ సీసాల్లోనే వేడినీళ్లు పోసి పొడిపాలు కలిపే పద్ధతిని పరీక్షించారు. లీటరుకు 1.6 కోట్ల వరకు మైక్రోప్లాస్టిక్ రేణువులు, అంటే అతి చిన్న ప్లాస్టిక్ ముక్కలు, కనిపించాయి. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు, ఎందుకంటే మూడు నెలలుగా నేను చేస్తున్నది సరిగ్గా అదే. అప్పటి నుంచి స్టీలు గిన్నెలోనే పాలు కలిపి, గోరువెచ్చగా అయ్యాకే సీసాలో పోసేదాన్ని. తర్వాత సీసానే మానేశాం. అత్తయ్య తెనాలి నుంచి ఉగ్గుగిన్నె తెచ్చారు. ముక్కున్న చిన్న స్టీలు గిన్నె, ఇక్కడి కన్నడవాళ్లు ఒళలె అంటారు. మొదటి రెండు రోజులు సగం పాలు పాప మెడ మీదకే కారాయి. మూడో రోజు ఆ ముక్కు దగ్గరికి తనే నోరు చాపింది. మీ పాపకి ఏడు నెలలు కాబట్టి నేరుగా చిన్న గ్లాసు కూడా అలవాటు చేయవచ్చు.

రెండోది, ఇంట్లో కాదు, బయటి నుంచి వచ్చేది. మా వీధి చివరి హోటల్లో ఇడ్లీ పార్సిల్ చెబితే, పొయ్యి మీద నుంచి దించిన సాంబారుని అలాగే పల్చటి కవర్లో పోసి దారం చుట్టి ఇచ్చేవారు. ఇంటికొచ్చి చూస్తే ఆ కవరు వేడికి మెత్తబడి, పట్టుకుంటే వేలి గుర్తు పడేది. దాన్ని విప్పి పాపకి ఇడ్లీ నానబెట్టి పెట్టిన రోజులు నాకు ఇప్పటికీ గుర్తొస్తాయి. 2025 ఫిబ్రవరిలో కర్ణాటక ఆరోగ్య మంత్రి దినేష్ గుండూరావు, రాష్ట్రంలో యాభైకి పైగా హోటళ్లలో ఇడ్లీలు గుడ్డ మీద కాకుండా ప్లాస్టిక్ షీటు మీద ఉడికిస్తున్నట్టు తనిఖీల్లో తేలిందని చెప్పి, దాన్ని నిషేధిస్తున్నట్టు ప్రకటించారు. మన అమ్మమ్మలు ఇడ్లీ పళ్లెం మీద తడిగుడ్డ పరిచింది ఇక్కడే గుర్తు చేసుకోవాలి. ఆవిరి నూరు డిగ్రీల దగ్గర, పిండి ఆ షీటుకి అతుక్కుని పది పన్నెండు నిమిషాలు ఉడకడమంటే మాటలా? మీరు పార్సిల్ తెచ్చుకుంటుంటే రెండు గిన్నెల స్టీలు క్యారియరు తీసుకెళ్లండి. మొదట్లో కౌంటర్ దగ్గర విసుక్కుంటారు. వారం తిరిగేసరికి అలవాటు పడతారు, మా వాళ్లు అలాగే పడ్డారు.

పేపరు కప్పు కాబట్టి మంచిదే అనుకోకండి. లోపల పాలిథిన్ పూత ఉంటుంది. వేడి ద్రవం పావుగంట నిలిస్తే 100 మిల్లీలీటర్లలోకి సుమారు 25,000 మైక్రోప్లాస్టిక్ రేణువులు వస్తాయని ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు లెక్కపెట్టారు. ఆఫీసుకి స్టీలు గ్లాసు పట్టుకెళ్లండి.

ఇక ఆవకాయ సంగతి. నాకు బాగా బాధ కలిగించింది ఇదే. అమ్మ ప్రతి ఏడాది వేసవిలో ఊరి నుంచి అయిదు కిలోలు పంపేది. జాడీ బస్సులో పగులుతుందని ఏదో కొన్న సరుకుతో వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టేది. ఏడాదంతా నూనె, ఉప్పు, పులుపు, ఆవపిండి ఘాటు, అన్నీ ఆ డబ్బాతోనే కాపురం. ఒకసారి డబ్బా ఖాళీ చేసి కడుగుతుంటే లోపలి గోడ జిగటగా, వేలితో రాస్తే జారుతున్నట్టు ఉంది. సబ్బు పెట్టి మూడుసార్లు తోమినా ఎర్రటి మరక, వాసన రెండూ పోలేదు. ఆవకాయ ప్లాస్టిక్‌లోకి ఇంకింది, మరి ప్లాస్టిక్‌లోది ఆవకాయలోకి ఇంకదా? ఆ రోజే అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. అమ్మ ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. మరుసటి ఏడు ఆవకాయ స్టీలు క్యాన్‌లో వచ్చింది, ఇక్కడికి రాగానే పింగాణీ జాడీలోకి మార్చేశాం. నూనె డబ్బా, నెయ్యి, పచ్చళ్లు, కారప్పొడిలో నూనె కలిపినవి, వీటికి గాజు, పింగాణీ, స్టీలు తప్ప ఇంకేవీ వాడకండి. డబ్బు ఖర్చు పెట్టాలంటే ముందు ఇక్కడే పెట్టండి.

నీళ్ల క్యాన్ గురించి ప్రత్యేకంగా అడిగారు. 20 లీటర్ల క్యాన్ అడుగున త్రికోణంలో అంకె చూడండి. 1 ఉంటే పెట్. దాని పూర్తి పేరులో టెరెఫ్తాలేట్ అని ఉంటుంది కానీ థాలేట్లకీ దానికీ సంబంధం లేదు, బీపీఏ కూడా ఉండదు. 7 ఉండి గట్టిగా, నీలంగా ఉంటే చాలావరకు పాలికార్బొనేట్. ఈ ప్లాస్టిక్ గురించి ఒక నిజం చెప్తాను. 1998లో అమెరికాలో పాట్రీషియా హంట్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో ఎలుకల అండాలు ఉన్నట్టుండి పాడవడం మొదలైంది. వెతికితే కారణం పంజరాలు. పాలికార్బొనేట్ పంజరాలను పొరపాటున ఘాటైన క్లీనర్‌తో కడిగారు, ప్లాస్టిక్ కరిగి బీపీఏ బయటికి వచ్చింది. మన క్యాన్లు ట్రాలీ ఆటోలో ఎండలో తిరుగుతాయి, ఎన్నిసార్లు దేనితో కడుగుతారో మనం చూడం. గీతలు పడి మసకబారిన క్యాన్ వస్తే తిరిగి పంపేయండి, అది మీ హక్కు. వచ్చిన నీళ్లను వెంటనే స్టీలు బిందెలోకో మట్టి కూజాలోకో మార్చండి. కావేరి నీళ్లు వచ్చే ఇల్లయితే వడకట్టి కాచుకోవడమే మేలు.

"బీపీఏ ఫ్రీ" అని రాసి ఉందని ఊరట పడకండి. దాని బదులు వాడే బీపీఎస్, బీపీఎఫ్ అనే దాని చుట్టాలు కూడా హార్మోన్లను అలాగే తాకుతాయని పరీక్షల్లో కనిపించింది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో బీపీఏ రోజువారీ పరిమితిని అంతకు ముందున్న దానికంటే 20,000 రెట్లు తగ్గించింది. 2024 చివర్లో ఆహారం తగిలే వస్తువుల్లో దాన్ని నిషేధించాలని ఐరోపా సమాఖ్య నిర్ణయించింది. అలాగని ప్రతి వార్తకీ వణకక్కర్లేదు. బిర్యానీ వచ్చే నల్ల డబ్బాల్లాంటి నల్ల ప్లాస్టిక్‌లో అగ్నినిరోధక రసాయనాలు ఉన్నాయని 2024లో ఒక అధ్యయనం గగ్గోలు పుట్టించింది. తర్వాత వాళ్లే సురక్షిత పరిమితిని 4,20,000 బదులు 42,000 నానోగ్రాములుగా లెక్క తప్పామని సరిదిద్దుకున్నారు. వేడి బిర్యానీ ఆ డబ్బాలోంచి పళ్లెంలోకి మార్చుకుని తింటే సరిపోతుంది, మైక్రోవేవ్‌లో మాత్రం ఏ ప్లాస్టిక్ డబ్బా పెట్టకండి.

ఇన్నేళ్లుగా వాడేశాం, ఇప్పుడు మార్చి ఏం లాభం అని మీ ఆయన అంటున్నారని రాశారు. బీపీఏ శరీరంలో పేరుకుపోయేది కాదు, చాలావరకు ఒక రోజులోనే మూత్రంలో పోతుంది. 2011లో అమెరికాలో అయిదు కుటుంబాలకు మూడు రోజుల పాటు ప్యాకెట్ తిండి లేకుండా, ప్లాస్టిక్ తగలకుండా వండిన తాజా భోజనం పెడితే, వాళ్ల మూత్రంలో బీపీఏ సగటున 66 శాతం పడిపోయింది. మూడు రోజులు! ఈ ఒక్క సంగతి ఆయనకి చూపించండి.

స్టీలు డబ్బాలు చిక్కపేట వైపు పాత్రల కొట్లలో నెలకి రెండు మూడు కొనుక్కోండి. జాడీ మాత్రం కొనకండి. ఊళ్లో అమ్మనో అత్తయ్యనో అడగండి, అటక మీద ఎక్కడో బోర్లించి ఉంటుంది.