మీరడిగారు: బందరు రోడ్డుకి ఆ పేరెలా వచ్చింది?

ప్రశ్న: బోర్డుల మీద మహాత్మాగాంధీ రోడ్డు అని ఉంటుంది, జనం మాత్రం బందరు రోడ్డు అంటారు. ఇంతకీ ఏది అసలు పేరు? బీసెంట్ రోడ్డు సంగతి కూడా చెప్పండి.
- ఓ పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: కాగితాల మీద ఎంజీ రోడ్డే లెండి, కానీ ఆటో ఎక్కి మహాత్మాగాంధీ రోడ్డు అని చూడండి, డ్రైవరు ఒక్క క్షణం వెనక్కి తిరిగి "అంటే, బందరు రోడ్డేగా సార్?" అంటాడు. నాకు రెండుసార్లు అయింది. ఈ రోడ్డు బెంజ్ సర్కిల్ దాటి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా మచిలీపట్నం పోతుంది, మచిలీపట్నాన్నే మనం బందరు అంటాం, పారసీలో 'బందర్' అంటే రేవు. డచ్చివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ సరుకు దింపిన రేవు పేరు ఇక్కడ ట్రాఫిక్‌లో ఇరుక్కున్న మన నోట్లో ఇంకా నానుతోందన్నమాట! ఏలూరు రోడ్డూ అంతే, ఎటు పోతే ఆ ఊరి పేరు. దానికి కార్ల్ మార్క్స్ రోడ్డు అనే పేరుందని ఎంతమందికి గుర్తుంది చెప్పండి?

బీసెంట్ రోడ్డు మాత్రం మనిషి పేరే. 1917లో కాంగ్రెస్ అధ్యక్షురాలైన అనీబీసెంట్ పేరది. దసరా ముందు అక్కడ చీరల బేరం చేస్తూ ఒకరినొకరు తోసుకునేవాళ్లకి ఆవిడ గుర్తొస్తుందని నేననుకోను. వన్‌టౌన్‌లోని కాళేశ్వరరావు మార్కెట్‌దీ అదే కథ, అయ్యదేవర కాళేశ్వరరావుగారు ఆంధ్రప్రదేశ్ శాసనసభ మొదటి స్పీకరు, ఉల్లిపాయల బస్తాల మధ్య ఆ సంగతి ఎవరడుగుతారు!