స్టాండప్ కన్నా ముందు అప్రైజల్ సంగతి చూడు

చిరంజీవి అమ్మాయికి బాబాయ్ ఆశీస్సులు.

విశాఖ రుషికొండ ఆఫీసులో మీ సాఫ్ట్‌వేర్ టీమును స్క్రమ్‌లోకి (చిన్న టీము తన పనిని తానే పంచుకుని, కొద్ది వారాల విడతల్లో చేసే పద్ధతి) మారుస్తుంటే పాతవాళ్లు మొండికేస్తున్నారని రాశావు. మొండితనం అనుకోకమ్మా. ఈ మార్పుతో ఎవరి చేతిలోంచి ఏం పోతోందో చూడు. టీమ్ లీడ్‌కి పని పంచే పెత్తనం పోతుంది. ఆటోమేషన్ వస్తే ఉద్యోగం ఉంటుందా అని టెస్టర్‌కి బెంగ. ఒక్కొక్కరితో విడిగా అరగంట కూర్చో. అందరి ముందూ అడిగితే "ఏం లేదు మేడమ్" అనేసి ఊరుకుంటారు.

అప్రైజల్ సంగతి హెచ్‌ఆర్‌తో ముందే తేల్చుకో. రేటింగు ఎవరిది వారికిస్తూ పని మాత్రం కలిసి చెయ్యమంటే, పక్కవాడి టాస్కు మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. స్టోరీ పాయింట్లు (ఒక్కో పని ఎంత పెద్దదో టీము వేసే అంచనా) మనిషివారీగా లెక్కపెట్టావా, 3 పాయింట్ల పని మర్నాటికి 8 అయి కూర్చుంటుంది.

ఇక స్టాండప్, అంటే రోజూ టీమంతా నిలబడి చేసుకునే చిన్న మీటింగు. స్క్రమ్ గైడ్ ప్రకారం అది 15 నిమిషాలే, అదీ డెవలపర్ల కోసం. మాట్లాడేవాళ్లంతా నీ మొహం చూసే చెబుతున్నారంటే అది హాజరు పట్టీ అయిపోయినట్టే. నోట్సు రాయకు, పక్కకి జరిగి నిలబడు. మనుషుల్ని వరసగా అడగడం మానేసి బోర్డు మీద ఒక్కో పనికీ ఉండే కార్డుల వెంట వెళ్లండి, 'డన్'కి (పూర్తయ్యే గడికి) దగ్గర్లో ఉన్నవాటితో మొదలుపెట్టి వెనక్కి. టెస్టింగులో మూడు రోజులుగా కదలని కార్డు అప్పుడు దానంతటదే బయటపడుతుంది. గాజువాక నుంచి ఎన్‌ఏడీ జంక్షన్ దాటి క్యాబులో రావాల్సినవాళ్లుంటే తొమ్మిదిన్నరకి పెట్టడం అన్యాయం, పదకొండుకి పెట్టు.

ముందు ఒక్క టీముతోనే మొదలుపెట్టు. 10 మందికి మించొద్దు, రెండేసి వారాల స్ప్రింట్లు (పని విడతలు). మొదట్లో పని వేగం తగ్గుతుంది. ఆ మాట పైవాళ్లకీ క్లయింటుకీ ముందే చెప్పకపోతే నెల తిరక్కుండానే "పాత పద్ధతే నయం" అంటారు. రెట్రోలో (స్ప్రింటు చివర పని ఎలా సాగిందో మాట్లాడుకునే మీటింగులో) వచ్చిన ఫిర్యాదుల్లో ఒక్కటైనా తర్వాతి స్ప్రింటులోనే తీర్చు. బిల్డుకి (కోడ్‌ని నడిచే ప్రోగ్రాముగా మార్చడానికి) గంట పడుతోందంటే దాన్ని తగ్గించే పనిని బ్యాక్‌లాగ్‌లో, అంటే చెయ్యాల్సిన పనుల జాబితాలో, ఎక్కించు. చెప్పింది జరుగుతుందని కళ్లారా చూస్తేనే మళ్లీ నోరు విప్పుతారు.

ఆ టీమ్ లీడ్‌ని మాత్రం స్క్రమ్ మాస్టర్‌ని (ఈ పద్ధతి సరిగ్గా నడిచేలా చూసే మనిషిని) చేసెయ్యకు, అలవాటు కొద్దీ పని పంచేస్తాడు. డిజైను నిర్ణయాలూ కొత్త పిల్లల కోడ్ రివ్యూలూ ఆయనకి అప్పజెప్పు, వాటినే ఆయన అప్రైజల్‌లో రాతపూర్వకంగా చేర్పించు.